గుమ్మటుడి మాట

నా చిన్నప్పుడు మానుకోట స్టేషన్‌లో బెజవాడ వైపు నుంచి వచ్చే ప్యాసింజరు బండి కోసం నెలకొకసారి ప్రాణాలు ఉగ్గబట్టుకొని ఎదురుచూసేవాళ్లం. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. ఆ బండిలో మాకు చుట్టాలెవరూ దిగేవారు కాదు. పిల్లల మాసపత్రికల కట్ట దిగేది. మా లోకమంతా ఆ కట్టలోనే ఉండేది.

మాది బయ్యారం దగ్గర ఒక పల్లె. అక్కడ ఐదో తరగతి దాటితే బడి లేదు. మా నాయిన నన్ను మానుకోటలో మా చిన్నమ్మ ఇంట్లో పెట్టి ఆరో తరగతిలో చేర్పించాడు. పట్నం పిల్లల మధ్య నాకు నోరు పెగిలేది కాదు. నా పక్కన కూర్చునే అమ్మాయి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేది. వాళ్లది కృష్ణా జిల్లా, తండ్రి స్టేషన్‌లో గుమాస్తా. బడిలో నాతో మొదట మాట కలిపింది ఆ పిల్లే. ఒకరోజు తన సంచీలోంచి అట్ట చిరిగిన పత్రిక తీసి, "ఇది చదువు, రేపు ఇచ్చెయ్యాలి" అంది.

అందులో 'నీడలు లేని రాజ్యం' అనే ధారావాహిక ఉంది. ఒక మాంత్రికుడు రాజ్యంలోని మనుషుల నీడలన్నీ దొంగిలించి కొండగుహలో దాచేస్తాడు. నీడ పోయినవాళ్లు మెల్లమెల్లగా తమ పేరు తామే మరిచిపోతుంటారు. నీడ మిగిలిన రాజకుమారి మేఘవతి, ఒక కుమ్మరి యువకుణ్ణి తోడు తీసుకొని, వాటిని విడిపించడానికి బయలుదేరుతుంది. గుహ వాకిలి దగ్గర గుమ్మటుడనే రాక్షసుడు కాపలా. ఆ సాయంత్రం చూరు కింద నిలబడి చదువుతుంటే చిన్నమ్మ పిలుపు వినబడలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయి తిట్లు పడ్డాయి. అవి కూడా నాకు సరిగా తలకెక్కలేదు. మేఘవతి వాగు దాటిందో లేదో, అదొక్కటే దిగులు.

మొదటి భాగం నుంచీ పత్రికలన్నీ ఆ పిల్ల దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చేది. అన్నీ చదవడం పూర్తయ్యేసరికి మేం ప్రాణస్నేహితులమైపోయాం.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఉద్యమం రాజుకున్నది ఆ ఏడాదే. బడులు మూతపడ్డాయి. వరంగల్లులో కాలేజీ చదువుతున్న మా పక్కింటి అక్క కాలేజీ మూసేయడంతో ఇంటికొచ్చింది. పొద్దున ఊరేగింపులకు పోయేది. మధ్యాహ్నం మాలాంటి పిల్లలు ఎండలో ఊరికే తిరుగుతుంటే వాళ్లింటి పందిరి కిందికి పిలిచి కూర్చోబెట్టేది. మేం ఏడెనిమిది మందిమి పోగయ్యాం. అందరికీ ఆ కథ పిచ్చి ఎక్కించింది మేమిద్దరమే. కొత్త పత్రిక రాగానే రైల్వే పిల్ల పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి, ఎవరూ ముందుగా పేజీ తిప్పి చూడకూడదు. విన్నాక అందరం వేషాలు కట్టి ఆ భాగాన్ని ఆడాలి. మాకు మేమే 'మేఘవతి సంఘం' అని పేరు కూడా పెట్టుకున్నాం.

ఆ సంఘంలో నాకు గుమ్మటుడి వేషం వచ్చింది. ఆ కథలో రాజులు, రాజకుమార్తెలు, చివరికి మాంత్రికుడు కూడా పుస్తకాల తెలుగులో మాట్లాడేవారు. తిండిపోతు, మందమతి అయిన గుమ్మటుడు ఒక్కడే "ఏంది, గిట్లొచ్చినవ్" అంటూ మాట్లాడేవాడు. రైల్వే పిల్ల వాడి మాటలు చదివేటప్పుడు గొంతు బొంగురు చేసేది, అందరం పగలబడి నవ్వేవాళ్లం. వేషాలు పంచుకునే రోజున, "నువ్వు గుమ్మటుడివి, నువ్వు అలాగే మాట్లాడతావుగా" అంది ఆ పిల్ల. ఆ మాటలో కొంచెం కూడా విషం లేదు. నేనూ సంబరంగా ఒప్పుకున్నాను. నేను నోరు తెరిస్తే చాలు, అందరూ నవ్వేవారు. నోరు పెగలని పిల్లకు అది పెద్ద మర్యాదలాగే అనిపించింది.

ఒక మధ్యాహ్నం మేం ఆటలో ఉండగా మా నాయిన ఊరినుంచి వచ్చాడు. భుజాన కంది బస్తా, మోకాళ్ల దాకా దుమ్ము. చిన్నమ్మ ఇంటికి పోతూ నన్ను చూసి పందిరి దగ్గర ఆగాడు.

"ఏంది బిడ్డా, గిట్ల కూసున్నరు? ఏం జేస్తున్రు?" అన్నాడు.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. "గుమ్మటుడు! అచ్చం గుమ్మటుడే!" అని ఎవరో అరిచారు. మా నాయినకు ఏమీ అర్థం కాలేదు. పిల్లలు తనను చూసి మురిసిపోతున్నారనుకొని తానూ నవ్వాడు. పొగాకు గారపట్టిన పళ్లతో, మనసారా నవ్వాడు. నా గుండెలో ఏదో కలుక్కుమంది. దాన్ని ఏమంటారో అప్పుడు తెలియదు. తల వంచుకున్నాను.

గడపలో కూర్చొని బియ్యం చెరుగుతున్న అక్క ఇదంతా చూసింది. చేట పక్కన పెట్టి లేచింది. మా నాయిన చేతికి మంచినీళ్ల చెంబు ఇచ్చి, "కూసో కాకా. పిల్లలు కథ ఆడుతున్రు" అంది.

"కథనా? జర నాకు గూడ చెప్పుండ్రి, ఇనిపోత" అన్నాడు మా నాయిన.

రైల్వే పిల్ల పత్రిక తెరవబోయింది. అక్క చేత్తో వారించి, తానే మొదలుపెట్టింది.

"ఒక రాజ్యం ఉండె కాకా. ఆడ మనుషులకు నీడలు లెవ్వు. ఒక మంత్రగాడు ఎత్కపోయిండు. రాజుకు ఒక బిడ్డ ఉండె. ఆ పిల్ల తండ్రితోని అన్నది, బాపూ, నువ్వు పరేషాన్ గాకు, మనోళ్ల నీడలు నేను తెస్త అని."

మేఘవతి అలా మాట్లాడగానే పిల్లలు కిసుక్కుమన్నారు. అక్క ఆగలేదు. రాజు, మంత్రి, కుమ్మరి యువకుడు అందరూ ఆమె నోట మా మాటే మాట్లాడారు. కూతుర్ని సాగనంపుతూ రాజు, "పైలం బిడ్డా, పొద్దుగూకక ముందే మల్లి రా" అన్నాడు. పత్రికలో ఆ చోట పెద్ద పెద్ద సమాసాలున్నాయి. వాటిని విన్నప్పుడు మాలో ఎవరికీ ఏడుపు రాలేదు. ఇప్పుడు మాత్రం కిసుక్కుమన్న పిల్లలే ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. మా నాయిన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. నన్ను మానుకోటలో దించిపోయిన రోజు ఆయన అన్నవీ దాదాపు అవే మాటలు.

కథ అయ్యాక ఆయన అటు చిన్నమ్మ ఇంటికి పోయాడు. అప్పుడు రైల్వే పిల్ల, నిజంగానే అర్థంకాక, అడిగింది. "అక్కా, మరి అందరూ ఇలాగే మాట్లాడితే గుమ్మటుడు ఎలా మాట్లాడాలి?"

"వాడు గూడ గిట్లనే మాట్లాడతడు" అంది అక్క. "అందరు ఒక్క తీరు మాట్లాడితె ఇగ మాటను బట్టి రాక్షసుడెవడో చెప్పరాదు. చేసిన పనిని బట్టే చెప్పాలె."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అక్క ఆ పిల్ల దగ్గరికి పోయి జడ సవరించింది. "నిన్ను అన్లేదమ్మా. రాసినాయన అట్ల రాసిండు, నువ్వు అట్ల చదివినవ్. గంతే" అంది. మరుసటి రోజు నుంచి గుమ్మటుడి వేషానికి వంతులు పెట్టుకున్నాం. మొదటి వంతు ఆ పిల్లే అడిగి మరీ తీసుకుంది.

వేసవి ముదిరేకొద్దీ గొడవలు పెరిగాయి. స్టేషన్ దగ్గర కొందరు పత్రికల కట్టలు దింపి తగలబెట్టారు. క్వార్టర్ల మీద రాళ్లు పడ్డాయి. రైల్వే పిల్ల రావడం మానేసింది. మా సంఘంలోనే ఒకడు, "ఆంధ్రోల్ల పుస్తకం మనకెందుకు?" అన్నాడు. ఆ రోజుల్లోనే అక్కను పోలీసులు పట్టుకుపోయి మర్నాడు వదిలిపెట్టారు. లాఠీ దెబ్బకు ఎడమ మోచెయ్యి వాచింది. దవాఖానలో కట్టు కట్టించుకొని వచ్చింది. వచ్చిన రోజు పందిరి కింద ఒకరు తక్కువ ఉండటం చూసి, సంగతి అడిగి, అదే కాళ్లతో క్వార్టర్లకు బయలుదేరింది. నన్నూ వెంట రమ్మంది.

తలుపు సందులోంచి ఆ పిల్ల తల్లి, "పంపలేను తల్లీ, భయంగా ఉంది" అంది. అక్క తన చేతికట్టు చూపించింది. "మీకే కాదమ్మా, నాకూ భయమే. సాయంత్రానికి నేనే తెచ్చి దిగబెడత" అంది. ఆవిడ అక్క ముఖంలోకి చూసి, కూతురి చెయ్యి అందించింది.

బజారు మలుపులో కుర్రాళ్లు అడ్డం వచ్చారు. అక్కతో కలిసి ఊరేగింపుల్లో నడిచినవాళ్లే.

"అక్కా, ఆంధ్రోల్ల పిల్లను ఏడికి తోల్కపోతున్నవ్?"

"మా ఇంటికి."

"నిన్ను గిట్ల కొట్టిచ్చినోల్ల పిల్లనా?"

"నన్ను కొట్టింది పోలీసోడు. మన కొలువులు మనకు గావాలని కొట్లాడుతున్నం. గీ పిల్ల మన కొలువేమన్న గుంజుకున్నదా? చెప్పు తమ్మీ, నువ్వే చెప్పు."

రైల్వే పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క గొంతు వణికింది, నేను విన్నాను. కాసేపటికి వాళ్లలో పెద్దవాడు పక్కకు జరిగాడు. మిగతావాళ్లూ దారి ఇచ్చారు.

ఆ రోజు, కట్టలు తగలబడకముందు వచ్చిన చివరి పత్రికను ఆ పిల్ల పైకి చదివింది. అందులో గుమ్మటుడు చనిపోతాడు. వాడికీ నీడ లేదని, వాడూ ఎప్పుడో పేరు పోగొట్టుకున్న మనిషేనని ఆ భాగంలో తెలిసింది. మేఘవతి తప్పించుకొనేదాకా గుహ వాకిలి బండను వీపుతో మోసి, దాని కిందే నలిగిపోయాడు. "నువ్వు పో తల్లీ, నేను మోస్త" అనే వాడి ఆఖరి మాట దగ్గర ఆ పిల్ల గొంతు మార్చలేదు. తన మామూలు గొంతుతోనే చదివింది. ఎవరం నవ్వలేదు.

తర్వాత కొద్ది రోజులకే వాళ్ల నాన్నకు బదిలీ అయింది. సామాను బండికెత్తుతుంటే చూశాను గానీ మాట్లాడుకునే వీలు చిక్కలేదు. మళ్లీ మేం కలుసుకోలేదు. ఉద్యమం అణగారిపోయింది. అక్కకు ఒక ఏడాది చదువు పోయింది. ఆ తర్వాత టీచరై టేకుమట్ల వైపు బడుల్లో చాలాకాలం పనిచేసింది. రాష్ట్రం వచ్చే నాటికి ఆమె లేదు. రాష్ట్రం వచ్చిందన్న వార్త విన్న రోజు ఊరంతా బాణసంచా కాలుస్తుంటే నేను ఆమెను తలుచుకొని ఇంట్లో కూర్చుండిపోయాను.

నేనూ టీచర్నే అయ్యాను. జనగామలో పనిచేసేటప్పుడు ఒక తండా నుంచి కొత్తగా వచ్చిన లంబాడీ పిల్ల తెలుగు పాఠం చదువుతూ తడబడింది. తరగతంతా నవ్వింది. నవ్వినవాళ్లు నావాళ్లే, నాలాగా మాట్లాడే పిల్లలే. నేను పుస్తకం మూయించి, నీకు వచ్చిన కథ ఒకటి మీ ఇంటి మాటలో చెప్పు తల్లీ అన్నాను. ఆ పిల్ల మొదట బెదిరింది. మెల్లగా అందుకొని, చేతులు తిప్పుతూ, కళ్లు మెరుస్తూ, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కదలకుండా విన్నాం. అయిపోయాక వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "టీచర్, ఆ కథేందో మాకు గూడ చెప్పుమనుండ్రి" అన్నాడు.

అక్క నాకు ఇచ్చిపోయింది అదే. ఎవరి మాటకైనా నలుగురూ నవ్వుతుంటే ఈ వయసులోనూ నా నోట నవ్వు రాదు. ఆ మాట అన్న మనిషి పక్కకు జరిగి కూర్చుంటాను, మిగతాది చెప్పమని అడుగుతాను.