పులిరంగు కింద మచ్చ

పీర్ల పండుగకు కొత్తవాడలో పులి వేషం కట్టేది గట్టయ్యే. మిగతా ఏడాదంతా మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పెద్ద జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన భుజాలు తగిలేలా కూర్చోవాలి. మండే ఎండల్లోనూ అతను నిండు చేతుల చొక్కా వేసుకుంటుంటే, జత మనిషి రాజమల్లు ఊరుకుంటాడా! "ఏం దొరా, కచేరికి పోతానవా?" అని ఆటపట్టించేవాడు.

ఆ చొక్కా కింద, మోచేతికి పైన, పాలిపోయిన మచ్చ ఒకటుంది. నిరుటి పండుగ తర్వాత వచ్చింది. పెద్దరోగమేమో, కుష్టేమోనని గట్టయ్య భయం. బయటపడితే పక్కన కూర్చునేవాడుండడు, మగ్గం ఆగిపోతుంది. మనుషుల సంగతి ఎరిగినవాడు పాపం, పెళ్లాం మొగిలమ్మకు కూడా చెప్పలేదు.

ఎనభైమూడులో మళ్లీ పండుగ వచ్చింది. పులి కట్టనంటే ఎందుకని వాడకట్టంతా అడుగుతుంది. గుండె చిక్కబట్టుకుని మట్టెవాడలో మీరా సాహెబ్ ఇంటికి వెళ్లాడు. దుకాణాల బోర్డులు రాసే మీరా సాహెబే ఏటా అతని ఒంటికి రంగులేసేవాడు. కుంచె తగిలితే చాలు, గట్టయ్య చక్కిలిగింతతో మెలికలు తిరుగుతాడు. ఈసారి మోచేతి పైన మాత్రం కుంచె తగిలినా కదల్లేదు.

"గిదేందన్నా?"

"కాలింది భాయ్."

మీరా సాహెబ్ రెట్టించలేదు. "జర కండ్లు మూసుకో, రెప్పల మీద ఏస్త" అన్నాడు. కాసేపాగి అడిగాడు: "చెయ్యి మీద కుంచె తాకుతాందా?"

"తాకుతాంది."

"ఇప్పుడు?"

"తాకుతాంది భాయ్."

కళ్లు తెరిచేసరికి కుంచె రంగు డబ్బాలోనే ఉంది.

గట్టయ్యకు ఏడుపు ఆగలేదు. మీరా సాహెబ్ బొటనవేలు పసుపు రంగులో ముంచి, ఆ మచ్చ మీదే మెల్లగా రుద్దాడు.

"ఇయ్యాల నేను కప్పుత. రేపు దవాఖానకు పోదాం, నేనొస్త. ఫికర్ చెయ్యకు గట్టన్నా."

పెద్దరోగమేనని తేలింది, గట్టయ్య నెలల తరబడి దవాఖాన గోళీలు మింగాడు. ఇక అంటదని డాక్టర్ చెప్పిన మాట పట్టుకుని మొగిలమ్మకు, తర్వాత రాజమల్లుకు చెప్పుకున్నాడు. మొగిలమ్మ ఏడ్చి, అన్నం పెట్టింది. రాజమల్లు కొన్నాళ్లు మగ్గం వైపే రాలేదు. తిట్టాలనిపిస్తుంది గాని, తిరిగొచ్చాడు, అదే పదివేలు. గట్టయ్య పొట్టి చేతుల చొక్కా తొడిగాడు.

మరుసటి పండుగకు మీరా సాహెబ్ మళ్లీ కళ్లు మూసుకోమన్నాడు.

"తాకుతాందా?"

గట్టయ్య కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"లేదు భాయ్."

కుంచె మచ్చ మీదే ఉంది. రంగు చుక్క ఒకటి మోచేతి కిందికి జారింది. అక్కడ చక్కిలిగింతై గట్టయ్య మెలికలు తిరిగాడు. రంగు చెదిరిందని మీరా సాహెబ్ ఎప్పటిలాగే తిట్టాడు.