పన్నెండోసారి వచ్చిన వివరణ

మా అక్క కోపమంటే నాకు భయం. ఎందుకంటే అది అరవదు. ముప్ఫై ఏళ్ళు లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు రాసిన మనిషి. పగనూ అంతే ఓపికగా సాగించింది.

గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోతుందని తెలిశాక, బావ కూతురి కోసం నలభై ఒక్క కథలు తన గొంతుతో చదివి, రికార్డు చేసి కంప్యూటర్లో దాచాడు. ఆపరేషనైన నెలకు అందులో చోటు చాలక అక్క ఆ కంప్యూటర్ని నడిపే లైనక్స్‌లో, ఉచితంగా దించుకునే సాధనాల జాబితా తెరిచింది. "మీ డిస్కును తీర్చిదిద్దే తేలికైన, అందమైన సాధనం" అని ఒకదాని కింద ఉంది. సర్దిపెడుతుంది కాబోలని నొక్కింది. అది మొత్తం తుడిచిపెట్టింది. తుడుస్తుందన్న ముక్క ఆ వివరణలో ఎక్కడా లేదు. కాపీ ఎందుకు తియ్యలేదని అడిగి నేను చీవాట్లు తిన్నాను.

ఆ వివరణ రాసినవాడికి మేం పెట్టిన పేరు అందగాడు. అక్క వాడికి ఒక్క తిట్టూ పంపలేదు. ఆ లైనక్స్ కోసం జీతం లేకుండా పనిచేసే బృందంలో చేరి, రెండేళ్ళలో వివరణలు సరిచూసే మనిషైంది. ఆమె సరేనంటేనే ఏ సాధనమైనా లైనక్స్ కొత్త విడుదలలోకి వెళ్ళేది. ప్రతి వివరణనూ కంప్యూటర్ గొడవ బొత్తిగా తెలియని బావకు చదివి వినిపించేది. అర్థమైతే తల ఊపేవాడు, లేకపోతే పెదవి విరిచేవాడు. ఇంకేమైనా చెప్పాలంటే పలక మీద రాసేవాడు.

చివరికి అందగాడు చేతికి చిక్కాడు: అదే సాధనాన్ని కొత్తగా చేసి, దాని వివరణ అక్కకే పంపాడు. ఎలా మార్చి రాసినా పదకొండుసార్లు తిప్పి పంపింది. "అందం ఎవరి కంటికి?" అని ఒకసారి, "తేలికంటే ఎన్ని కిలోలు?" అని ఇంకోసారి. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

విడుదలకు ముందురోజు పన్నెండోది వచ్చింది. "ఇది డిస్కులో ఉన్నదంతా చెరిపేస్తుంది. చెరిపినది తిరిగి రాదు. ముందు కాపీ తీసుకోండి." దాని కింద, "మేడమ్, ఈసారి కాదంటే నా మూడేళ్ళ పని ఆగిపోతుంది. నేనేం తప్పు చేశానో చెప్పండి."

బావ తల ఊపాడు. అయినా అక్క చెయ్యి 'తిప్పి పంపు' దగ్గరికే పోయింది. బావ గబగబా రాశాడు: "కాదంటే జాబితాలో పాత వివరణే ఉంటుంది. ఇంకొకరి కొంప మునుగుతుంది. ఒప్పుకో."

"ఆ మాట మీ నోటితో చెప్పండి, ఒప్పుకుంటా," అంది అక్క.

బావ నిజంగానే నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఊపిరి కోసం ఆపరేషన్లో మెడకు పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం బుస్సుమంది. మళ్ళీ ప్రయత్నించాడు, మెడ నరాలు పొంగేదాకా.

"చాలండీ, చాలు," అంటూ అక్క ఆమోదం నొక్కేసింది.

అందగాడు వెంటనే కృతజ్ఞతలు పంపాడు. వాటిని అక్క తెరవనైనా లేదు. పలక పట్టుకుని బావ ముందు కూర్చుంది. "తిట్టండి, ఏదో ఒకటి రాయండి," అని వారం రోజులు బతిమాలింది. ఆయన సుద్దముక్క ముట్టుకోలేదు.