ఎర్రయ్యది కాని మొహం

ఉదయం ఐదూ నలభైకి గజపతినగరంలో విజయనగరం బస్సెక్కాను. ఒళ్ళో పాత దుప్పట్లో చుట్టి పురికొసతో కట్టిన రెండడుగుల పటం. కండక్టరు దాన్ని చూసి లగేజీ కొట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి, "ఎవరిదండీ?" అన్నాడు. పోయిన మనిషిదన్నాను. ఆయన నాకొక్కడికే టిక్కెట్టిచ్చి ముందుకెళ్ళిపోయాడు.

ఆ పోయిన మనిషి ఎర్రయ్య. మా సంతకి ఎండుచేపలు తెచ్చే గురువులు అనే అతనికి అన్న. వాళ్ళది కళింగపట్నం దాటాక ఒడ్డునే ఉన్న పల్లె. ఏడాదిన్నర కిందట అన్నదమ్ములు కొత్త బోటు నీళ్ళలోకి దించుతూ ఫోటోలకి నన్ను పిలిచారు. ముందు ఒప్పుకున్న పెళ్ళి తెమలక నేను పొద్దు గుంకాక చేరాను. ఫ్లాషు చూస్తే ఆ పెళ్ళిలోనే చచ్చింది. బోటు ముందు అందరూ వరసలు కడుతుంటే ఎర్రయ్య నా దగ్గరకొచ్చాడు.

"బాబూ, నాకూ మా ఆడదానికీ ఇడిగా ఒక్క పోటో తియ్యి."

వెలుగు పోతోందని నాకు ఒళ్ళు మంటగా ఉంది. "ఇది నలభై ఐదు మెగాపిక్సెళ్ళ కెమెరా. నువ్వెళ్ళి వెనక వరసలో నిలబడు. తరవాత నీ మొహం ఒక్కటీ కోసి గోడంత చేసిస్తాను" అన్నాను. కోతలు కొయ్యడం మా వృత్తిలో సగం పని. ఈ కోత నేను కూడా సగం నమ్మాను.

ఆర్నెల్లకి ఆ బోటు కెరటంలో తిరగబడింది. అందరూ ఈదుకొచ్చారు, ఎర్రయ్య రాలేదు. మనిషే దొరకలేదు. ఆ పల్లెలో వేటకెళ్ళేవాళ్ళు ఫోనూ, ఆధార్ కార్డూ ప్లాస్టిక్ సంచిలో పెట్టి నడుముకి కట్టుకుంటారు, అవీ అతనితోనే పోయాయి. మళ్ళీ తీయించిన ఆధార్ కాగితంలో మొహం ఉండాల్సినచోట మసిమరక ఉంది. ఈ ప్రయాణానికి మర్నాడే ఏడాది కార్యం. "గోడంత సేస్తానన్నావు గదా" అని గురువులు వారం కిందట ఫోన్ చేశాడు.

ఏడూ ఇరవైకి విజయనగరంలో ప్యాసింజరు దొరికింది. ఎదురుగా పలాస వెళ్ళే పెద్దమనిషి. నా మెడలో కెమెరా చూసి తన కొత్త ఫోను బయటికి తీశాడు.

"ఇది రెండొందల మెగాపిక్సెల్లండి. మీదెంతేటి?"

"నలభై ఐదు."

"మరంత బరువు మోసుకుని తిరగడం ఎందుకండీ?"

ఇంకో రోజైతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఆరోజు చెప్పాలనిపించింది. వాననీళ్ళు పట్టాలంటే వాకిట్లో ఎన్ని గిన్నెలు పెట్టామన్నది కాదండీ, వాకిలెంత పెద్దది, వాన ఎంత పడింది అన్నది లెక్క అన్నాను. ఫోనులో వెలుగు పడే వాకిలి గోరంత, అందులో మెగాపిక్సెళ్ళనే గిన్నెలు రెండొందలు కాదు వెయ్యి పెట్టినా పడే నీళ్ళు అవే. కెమెరాలో ఐఎస్‌ఓ అనే అంకె పెంచితే చీకట్లో కూడా కెమెరాకి చూపొస్తుందనుకుంటారు, రాదు. పడిన కాస్త వెలుగునే పెంచి చూపిస్తుంది, దాంతోపాటు బొమ్మలోని గరుకునీ పెంచుతుంది.

ఆయన శ్రద్ధగానే విన్నాడు. "మరి వానే పడనేదనుకోండి, మీ పెద్ద వాకిలి ఏటి సేస్తాది?"

నేను పటానికి కట్టిన పురికొస మళ్ళీ బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదీ నలభైకి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, బస్సులో శ్రీకాకుళం కాంప్లెక్సుకి చేరి, నాలుగిడ్లీలు తిన్నాను. అటు వెళ్ళేవాళ్ళు అక్కడే తినడం మంచిది. పదింబావుకి కళింగపట్నం బస్సు. పటాన్ని నిలబెట్టుకుని కూర్చున్నాను. అందులో ఉన్నదేమిటో నాకు తెలుసు. గుంపు ఫోటోలో ఎర్రయ్య మొహం కందిగింజంత. పెద్దది చేస్తే రంగుల ఇసుక, పైగా షాట్ పడే వేళకి తల తిప్పాడు. కదిలినందుకు ఆ మనిషిని తిట్టుకున్నాను కూడా. చివరికి కంప్యూటర్లో మొహాలు బాగుచేసే ప్రోగ్రాముకి అప్పజెబితే అరనిమిషంలో కళ్ళూ ముక్కూ మీసం తీర్చి ఇచ్చింది. నేనతన్ని చూసింది ఒక్కసారి, అదీ మునిమాపువేళ. బాగానే ఉందనుకున్నాను.

పదకొండున్నరకి బస్సు దిగితే గురువులు బండి మీద ఇంటికి తీసుకెళ్ళాడు. ఎర్రయ్య భార్య పోలమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. దుప్పటి విప్పాను. చుట్టుపక్కలవాళ్ళు ఎంత కళగా ఉన్నాడో అన్నారు. ఆమె మాత్రం చాలాసేపు చూసింది.

"ఈ బాబు ఎవులు?"

ఆమె పటంలో పెదవి దగ్గర వేలు పెట్టింది.

"మా మావకి కింది పెదివి మీద గాలం గీరిన గాటు ఉన్నాది. ఇతనికి నేదు."

ఉన్నమాట చెప్పేశాను. కెమెరాకి అంత వెలుగు అందలేదని, ఈ మొహం యంత్రం ఊహించి పెట్టిందని, గోడంత చేస్తానన్నది గొప్పకన్న మాటని. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అసల్ది తెచ్చినావా?"

సంచిలోంచి గుంపు ఫోటో తీసిచ్చాను. ఆమె దాన్ని గురువులి చేతికిచ్చి వాకిలి దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణించి చూసింది. అక్కడ ఆమె మొహం మారిపోయింది.

"అదిగో. ఒడ్డు మీంచి రోజూ ఇంతే కనబడేవోడు. బుజం అలా వాలితే మా మావే అనుకునేదాన్ని." మళ్ళీ దగ్గరకొచ్చి, "తల అటు తిప్పినాడు సూడు. నన్ను పిలస్తన్నాడు. నువ్వు ఇడిగా తియ్యనన్నావు గదా, గుంపులోకే రమ్మన్నాడు. ఇందరు మగోళ్ళు ఉన్నారని సిగ్గేసి నాను రానేదు" అంది.

గురువులు నెమ్మదిగా అన్నాడు, "వదినా, బతికున్నోళ్ళం ఇందరం ఉన్నాం ఇందులో. దండెలాగ ఏస్తాం?"

"దండొద్దు. దీపం ఎడతాను."

భోజనం చేసి వెళ్ళమన్నారు. కూర్చున్నాను. ఎర్రయ్య అడిగింది నాకు ఒక్క నిమిషం పట్టే పని. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఒక్క నిమిషం.

రెండింటి బస్సు, నాలుగున్నర రైలు. పటం వాళ్ళు ఉంచుకోలేదు, నాకు పారెయ్యడానికి చేతులు రాలేదు. రైల్లో దుప్పటి ఒక పక్క జారింది. పక్కనున్న ముసలమ్మ తొంగిచూసి, "మీ వోడా బాబూ? మంచి కళగా ఉన్నాడు. ఏటైపోనాడు?" అంది.

"అతను ఎవరూ కాదమ్మా" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. అయినా చెయ్యెత్తి ఆ పటానికి దండం పెట్టింది.