మామ్మగారి ప్రభంజనం

ఆ రోజుల్లో మా బెజవాడలో కొత్త మనిషి పరిచయమైతే రెండే ప్రశ్నలు అడిగేవాళ్ళు: ఏ ఊరు, ఎవరి ఫ్యాను. మూడో ప్రశ్న అడగడం మర్యాద కాదు. అడగనవసరమూ లేదు, రెండోదానికి చెప్పిన జవాబులోంచే దాన్ని వాళ్ళు లాక్కునేవాళ్ళు. నేనప్పుడే డిగ్రీ గట్టెక్కి, గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరాను. అది జీతం కోసం చేసే పని. జీవితం కోసం చేసే పని వేరే ఉండేది. ఇద్దరు పెద్ద హీరోల ఫ్యాన్స్ అందరం కలిసి ఇంటర్నెట్‌లో ఏటా నడిపే సినిమా అవార్డుల పోటీకి నేను 'ట్రెండ్స్ అనలిస్టు'ని. (ఆ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను. ఇంకెవరూ అడగలేదు గనక పోటీ లేకుండా దక్కింది.)

ఉత్తమ నటుడు మొదలుకొని ఉత్తమ ఫైట్ల దాకా అన్నీ జనం ఓట్లతోనే తేలేవి. దీనికంతటికీ పెద్ద మా వీధి జిరాక్స్ షాపాయన. ఆయన్ని కమిషనర్‌గారూ అని పిలిచేవాళ్ళం. "మన దగ్గర పక్షపాతం ఉండదండీ" అని రోజుకోసారైనా అనేవాడు. ఆయన షాపు షట్టరు మీద మాత్రం నిలువెత్తున మా హీరో బొమ్మ. ఎవరైనా అదేమిటని అడిగితే, "షట్టరెత్తాక బొమ్మ కనపడదు గదండీ! నేను ఓట్లు చూసేది షట్టరెత్తాకే" అని నోరు మూయించేవాడు.

ఓటింగుకి రూలు ఒక్కటే, ఒక ఈమెయిలుకి ఒక ఓటు. దాని పుణ్యమా అని మా వైపు ఈమెయిలు లేని ముసలివాళ్ళు లేకుండా పోయారు. కాలం చేసిన తాతయ్యలక్కూడా ఈమెయిళ్ళు పుట్టాయి. (పోయినవాళ్ళు ఓటెయ్యడం మనకి కొత్తేమీ కాదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.) రికార్డులు కూడా దానికి తగ్గట్టే ఉండేవి. ఒక ఏడాది ఒక్క సినిమా కూడా విడుదల కాని హీరో ఉత్తమ నటుడయ్యాడు. ఇంకో ఏడాది ఉత్తమ గాయకుడి బహుమతి, పాటకి పెదవులు కదిపిన హీరోకి వచ్చింది. వీటన్నిటికీ నేను మా పోటీ వెబ్‌పేజీలో కారణాలు రాసేవాణ్ణి. 'చల్లపల్లిలో నిశ్శబ్ద విప్లవం' అని ఒకసారి పెద్ద వ్యాసమే రాశాను. చల్లపల్లి ఓట్లన్నీ మా పిన్ని కొడుకు ఒక్కడే కంప్యూటరు ముందు కూర్చుని గుద్దినవని నాకు తెలుసు. కానీ తెలిసిన సంగతి తెలిసినట్టు రాస్తే దాన్ని విశ్లేషణ అనరు గదా!

ఆ ఏడాది గొడవంతా ఉత్తమ సహాయ నటి దగ్గర వచ్చింది. పోటీలో ముగ్గురు. మా హీరోకి అక్కగా వేసినావిడ ఒకరు, అవతలి హీరోకి వదినగా వేసినావిడ ఒకరు. మూడో పేరు లేకపోతే బాగుండదని పెట్టిన పేరు, మంగళగిరి మామ్మగారిది. ఆవిడ పూర్వం నాటకాల మనిషి. పోస్టర్ల వెనక జిగురు ఆరకముందే థియేటర్లలోంచి వెళ్ళిపోయిన ఒక చిన్న సినిమాలో బామ్మగా వేసింది. నేను నా ధర్మం నేను చేశాను. పొద్దున 'వదిన ముందంజ' అని రాశాను, మావాళ్ళకి రోషం రావాలని. సాయంత్రం 'అక్క ముందంజ' అని రాశాను, మావాళ్ళకి ఉత్సాహం రావాలని. పొద్దుటిది మావాళ్ళు నమ్మారు, సాయంత్రానిది అవతలివాళ్ళు నమ్మారు. ఇక మనం ఎలాగూ గెలవం, వాళ్ళని మాత్రం గెలవనివ్వకూడదని కమిషనర్‌గారు రహస్యంగా ఆజ్ఞ జారీ చేశాడు: "అందరూ ముసలావిడకి గుద్దండి!" అవతలి పక్షం నాయకుడు సోడా బాబాయి (ఆయనకి కూల్‌డ్రింకుల కొట్టుండేది) సరిగ్గా అదే ఆజ్ఞ ఇచ్చాడని మాకేం తెలుసు?

మామ్మగారికి పడ్డ ఓట్లు మా పోటీ పుట్టాక ఏ హీరోకీ పడలేదు. నేను 'మామ్మ ప్రభంజనం' అని శీర్షిక పెట్టి, మహిళల సానుభూతి, నాటకరంగం మీద డెల్టా ప్రజల మమకారం, యువతలో మారుతున్న అభిరుచులు అని మూడు కారణాలు రాశాను. టీవీలో ఎన్నికల మర్నాడు మాట్లాడే పెద్దమనుషులు నాకన్నా ఏం ఎక్కువ చదవలేదని ఆ రోజే అర్థమైంది.

బహుమతి సభకి హీరోలెవరూ రాలేదు. (పిలిచామన్న సంగతి వాళ్ళకి తెలిసే అవకాశమూ లేదు.) వచ్చింది మామ్మగారొక్కరే. జరీ అంచు నేత చీర కట్టుకుని, కోడల్ని వెంటబెట్టుకుని, సిటీ బస్సులో వచ్చింది. హాల్లో ఒక పక్క మావాళ్ళు, ఒక పక్క వాళ్ళు. ఆవిడ మైకు ముందు నిలబడి అందరికీ దణ్ణం పెట్టి, "నాకు ఓటేసినోళ్ళు చేతులెత్తండి నాయనా, కళ్ళారా చూసుకుంటా" అంది.

హాలు మొత్తం చేతులెత్తింది.

"అబ్బో! మరి సినిమా చూసినోళ్ళు?"

చేతులన్నీ దిగిపోయాయి. వెనక ఒక్క చెయ్యి మాత్రం పైకుంది. అది స్విచ్చుబోర్డు మీద ఫ్యాను వేస్తున్న వాచ్‌మన్‌ది.

అప్పుడు గానీ సోడా బాబాయికి వెలగలేదు. లేచి, "ఏవయ్యా కమిషనరూ, మీవాళ్ళెందుకేశారు ఆవిడకి?" అని కేకేశాడు. "మీరెందుకేశారో ముందది చెప్పండి!" అని ఈయన స్టేజీ మీంచే ఎదురు కేకేశాడు. "మా వదిన గెలిచేది గదయ్యా!" "మా అక్క గెలిచేది!" జై కొట్టడాలు మొదలయ్యాయి, అవి కాస్తా తిట్లయ్యాయి, ఎవడో కుర్చీ ఎత్తాడు. నేను విశ్లేషకుణ్ణి గనక పరిస్థితి విశ్లేషించి స్టేజీ తెర వెనక్కి వెళ్ళాను.

"ఆపండ్రా, సన్నాసుల్లారా!"

మైకు లేకుండానే అంది మామ్మగారు. హాలు చివరి గోడకి తగిలి వెనక్కొచ్చింది ఆ గొంతు. ఎత్తిన కుర్చీ ఎత్తినట్టే ఆగిపోయింది. ఆవిడ చల్లగా నవ్వి, "ఇదేనయ్యా సినిమాలో నా డైలాగు. మిగతాయన్నీ కోసేసి ఇదొక్కటే ఉంచారంట. మీరు చూళ్ళేదన్నారు గదా, చూపిస్తన్నా" అంది. చప్పట్లు కొట్టాలో సిగ్గుపడాలో తెలియక కొందరు కొట్టారు. కుర్చీ ఎత్తినవాడు దాన్ని దించి, మరేం చెయ్యాలో తోచక అందులోనే కూర్చున్నాడు.

సభయ్యాక ఆవిడని మంగళగిరి బస్సు ఎక్కించే పని నా మీద పడింది. ఆటోలో అడిగింది: "నువ్వేం చేస్తావయ్యా ఇందులో?"

"ట్రెండ్స్ రాస్తానండీ మామ్మగారూ. ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో."

"అట్నా! మరి నేనెందుకు గెలిచా?"

నిజం గొంతు దాకా వచ్చింది. చేతిలో ఆ ఇత్తడి జ్ఞాపికని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది ఆవిడ. "మీ నటనకండీ" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, కోడలితో, "బానే చేస్తన్నాడే! మన నాటకాల్లో ఉంటే పైకొచ్చేవాడు" అంది. బస్సెక్కాక కిటికీలోంచి, "ఈసారి మొహం కిందికి దించి చెప్పు నాయనా, కళ్ళు పట్టిచ్చేస్తన్నాయి" అని కూడా అంది.

ఆ మర్నాడు కమిషనర్‌గారూ సోడా బాబాయీ ఎదురుపడి మొహాలు తిప్పుకున్నారు. పోటీ అంతటితో మూతపడింది. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు పలచబడింది.

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడితే ఆ సినిమా వస్తోంది. ఆవిడ ఎక్కడ కనిపిస్తుందా అని కదలకుండా కూర్చున్నాను. సినిమాలో కొడుకులిద్దరూ చొక్కాలు పట్టుకుంటుంటే వాకిట్లోకి వచ్చి, ఆ ఒక్క మాటా అంది. హాల్లో అరిచినట్టు అరవలేదు. చాలా మెల్లిగా, అలసటగా, ఇంక నావల్ల కాదురా అన్నట్టు అంది. ఆ ఏడాది నిజంగా ఉత్తమ సహాయ నటి ఆవిడే! అన్ని దొంగ ఓట్లూ కలిసి ఆ ఒక్కసారి పొరపాటున నిజం చెప్పాయి, అది విశ్లేషకుడికి ఇన్నాళ్ళూ తెలియలేదు.

నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ, "దేనికండీ ఆ చప్పట్లు?" అంది.

"ఓటేస్తున్నా" అన్నాను. సినిమా చూసి ఓటెయ్యడం నాకు అదే మొదలు.