ఎల్డన్ కోడెకు మూడో నెల

అమెరికాలో, నెబ్రాస్కా ఇసుకదిబ్బల పచ్చిక బీళ్లలో అక్టోబరు వచ్చిందంటే ఆవులకు చూడి పరీక్షల కాలం. కడుపుతో ఉన్నవాటికి చలికాలమంతా మేత దొరుకుతుంది. ఒట్టివి అమ్మకానికి పోతాయి. డాక్టర్ లోయిస్ వాచెక్ ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఇది. ఆ ఏడు ఆమె వెంట థియా లిండ్‌క్విస్ట్ కూడా తిరిగేది.

థియా కాలేజీలో మూడో సంవత్సరం చదువుతోంది. పశువైద్యంలో సీటు రావాలంటే మార్కులొక్కటే చాలవు. ఒక డాక్టరు దగ్గర వందల గంటలు పనిచేయాలి, ఆ డాక్టరు మెచ్చి సిఫారసు ఉత్తరం రాయాలి. మార్కుల్లో థియాకు తిరుగు లేదు. ఆవు ఒంట్లోని నరాల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. కానీ "తెలియదు" అనే ఒక్క మాట మాత్రం ఆమె నోట వచ్చేది కాదు.

ఆ శనివారం ఎల్డన్ అనే రైతు దగ్గరికి వెళ్లారు. ఆవులు ఒక్కొక్కటే ఇనుప బోనులోకి వస్తున్నాయి. ముందు లోయిస్ తోక కిందుగా లోపలికి చెయ్యి పెట్టి, గర్భసంచిని తడిమి చూసి, ఏమీ చెప్పకుండా పక్కకు తప్పుకునేది. తర్వాత థియా భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చూసి చెప్పాలి.

మొదటి ఆవులో థియా వేళ్లకు తగిలింది వెచ్చటి పేడ ఒక్కటే.

"రెండు నెలలు," అంది ధీమాగా.

లోయిస్ తల ఊపింది. తర్వాతిది మూడు నెలలంది థియా, ఆ తర్వాతిది ఒట్టిదంది. ఎల్డన్ గడ్డం గోక్కుంటూ లోయిస్ వైపు చూశాడు. లోయిస్ కన్ను గీటింది. అతను దొడ్డి వెనక్కి వెళ్లి ఇంకో పశువును తోలుకొచ్చాడు.

లోయిస్ ముఖం బిగించుకుని, చెయ్యి పెట్టి చూసింది. "కొంచెం కష్టమైన కేసే. చూడు పిల్లా."

థియా కళ్లు మూసుకుని లోపలంతా తడిమింది. "మూడు నెలలు, డాక్టర్."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"దూడ కదులుతోందా?"

"కొంచెం... కదిలినట్టే ఉంది."

ఎల్డన్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "నా జన్మ ధన్యమైంది లోయిస్! వీడికి విత్తులు కొట్టించి ఏడాదైంది. అయినా నిలబెట్టుకున్నాడు, చూశావా!"

థియా కళ్లు తెరిచి వంగి చూసింది. అది కోడె. చెవుల దాకా ఎర్రబడింది పిల్ల.

"తోక కిందికి ఒక్కసారైనా చూడొద్దటమ్మా?" అన్నాడు ఎల్డన్ నవ్వు ఆపుకోలేక. "పురుడు మీ ఇంట్లోనే పోయాలి మరి!"

"పొద్దుట్నుంచీ నాకేమీ తెలియట్లేదు డాక్టర్," అంది థియా. తొడుగు ఊడదీసేసింది. "అన్నీ నోటికొచ్చినట్టు చెప్పాను. మీరు ఉత్తరం రాయరేమోనని."

"అది నాకు మొదటి ఆవుకే తెలిసింది. నువ్వు ఒట్టిదన్న ఆవు కడుపులో దూడ ఉంది. నేను ముందే చూడకపోయుంటే అది కబేళాకు పోయేది. ఎప్పుడో ఒకనాడు నీకంటే ముందు చూసేవాళ్లు ఎవరూ ఉండరు." లోయిస్ కొత్త తొడుగు అందించింది. "తెలియకపోతే తెలియదను. నా కొంపేం మునగదు."

తర్వాత పదకొండు ఆవులకు థియా "తెలియదు" అంది. ఒక్కోసారీ లోయిస్ ఆమె చెయ్యి ఎటు పోవాలో చెప్పింది. ఎల్డన్ కూడా ఎగతాళి మానేసి గోరువెచ్చని నీళ్లు తెచ్చిపెట్టాడు.

పన్నెండో ఆవులో, మెత్తటి నీళ్ల సంచిలో నిమ్మకాయంత తల ఒకటి ఆమె వేళ్లకు తగిలింది. మెల్లగా తోస్తే దూరంగా తేలిపోయి, మళ్లీ వచ్చి తాకింది. థియా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఏమిటి, అక్కడే కాపురం పెడతావా?" అంది లోయిస్.

"ఉంది డాక్టర్. నాలుగు నెలలుంటాయి. నిజంగా ఉంది!" థియా కళ్లు చెమర్చాయి.

"నాలుగే," అంది లోయిస్.

మధ్యాహ్నం ఎల్డన్ వంటింట్లో మాంసం, చిక్కుళ్లు వేసి ఉడికించిన వేడి చిలీ, దాల్చినచెక్క రొట్టెలు పెట్టారు. థియా మూడు గిన్నెలు ఖాళీ చేసింది.

ఏడాది తర్వాత ఐదు పశువైద్య కళాశాలలకు దరఖాస్తు పెట్టింది. మూడు కాదన్నాయి, ఒకటి జవాబే ఇవ్వలేదు, ఒకటి రమ్మంది. ఆ కబురు చెప్పడానికి లోయిస్‌కు ఫోను చేసింది.

"మంచిది," అంది లోయిస్. "చదువు మొదలయ్యేది ఆగస్టులో కదా? అప్పటిదాకా నువ్వు నా పాలేరువే. సోమవారం ఆరింటికల్లా రా. పందులున్నాయి."