అంచు మీద రాసిన పేర్లు

మా దవాఖాన రికార్డు రూం సారు సోమారం పొద్దుగాల మల్యాలల కాలం జేసిన్రు. వాట్సాప్ గ్రూపుల దండం బొమ్మలు వరుసగ అచ్చినయి. పెట్టినోళ్లల్ల సగం మంది ఆయనను గా రూం కాడికెల్లి ఎల్లగొట్టినోళ్లే. చూస్తె ఒళ్లు మండింది.

నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ను. కాన్పుల రిజిస్టర్ల పిల్లకు పేరుండదు. తల్లి పేరు, ఆడనో మగనో, బరువు, గంతే. తొట్లెల ఏసి పేరు పెట్టినంక తల్లులు కోరుట్ల దిక్కుకెల్లి, ఇబ్రహీంపట్నం దిక్కుకెల్లి పిల్లను ఎత్తుకొని సారు కిటికీ కాడికి అచ్చేటోళ్లు. సారు ముందుగాల పిల్లను పేరుపెట్టి పిలిచేటోళ్లు, గటెన్క రిజిస్టర్ పుట అంచుకు నీలి సిరాతోటి రాసేటోళ్లు. "పిలిస్తె ఇటు చూసింది, ఇగ పేరు ఖాయం" అని నవ్వేటోళ్లు. గిట్ల రాయమని ఆయనకు ఎవ్వలూ చెప్పలే.

పోయినేడు రిజిస్టర్లన్ని స్కాన్ చెయ్యమన్నరు. అచ్చు గీతల లోపటి వరకే ఫ్రేమ్ పెట్టు, అంచుల దుమ్ము మరకలు మనకెందుకు అన్నడు మా ఆఫీసరు. గట్లనే పెట్టిన. ఒక్క పేరు గూడ పడలే. బటన్ నొక్కింది నేనే, దాసుకోను.

గప్పటికే రిటైరైన సారు సంగతి తెలిసి బస్సెక్కి అచ్చిన్రు. "మళ్లొక్కసారి చెయ్యుండ్రి, పుటలు నేనే తిప్పుత" అని బతిమాలిన్రు. "నీ డ్యూటీ అయిపాయె, ఇంటికాడ కూసో" అన్నడు ఆఫీసరు. తండ్రి వయసాయనను నువ్వు అంటడా! సారు నెల దినాలు తిరిగిన్రు. ఒకనాడు నా కాడికచ్చి, "బిడ్డా, పాస్‌పోర్టు కోసం కాయితం కావాల్నని గా పిల్లలు అస్తె, నేను లేనినాడు ఎవలిని అడుగుతరు?" అన్నరు. తల వంచుకొని టైప్ కొట్టుకున్న. థూ, నా బతుకు.

నిన్న సంతాప సభ పెట్టిన్రు. ఆయన సేవలు మరువలేనివి అని మైకుల చెప్పిన ఆఫీసరు, దిగంగనే నా ముంగట కాయితం పెట్టిండు. స్కానింగ్ పూర్తయింది, పాత రిజిస్టర్లు తుక్కుకు ఇయ్యొచ్చు అని అండ్ల ఉంది. నా సంతకం కావాల్నట.

"పెట్ట."

"నీది కాంట్రాక్టు నౌకరి, యాదుందా?"

"ఉంది సార్. మొత్తం పుట స్కాన్ అయినంకనే పెడుత."

ఇయ్యాల పొద్దుగాల రూం తాళం తీసిన. ఫ్రేమ్ పుట అంచు దాక గుంజి మొదటి రిజిస్టర్ పెట్టిన. తెర మీద సారు చేతిరాత పడ్డది: "లావణ్య. తండ్రి మస్కట్ కెల్లి వేరే పేరు రాసి పంపిండు. సిరిసిల్ల అమ్మమ్మ ఒప్పుకోలే."