చింతచెట్టు ఎత్తున విమానం

విమానంలో చావంటే ఆకాశం నుంచి కింద పడటమేనని ఆ రోజుల్లో నా నమ్మకం. పైకి పోకుండానే చావవచ్చని, విడపనకల్లు దగ్గర మా చిన్నాయన చేని గట్టు మీది చింతచెట్టు నేరుగా నా ముఖం మీదికి వస్తున్నప్పుడు తెలిసింది.

అరవైల్లోని మాట. అనంతపురంలో ఒక పత్రికకు కొత్త విలేకరిని. ఆ ఏడు వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు పట్టింది. మందు చల్లడానికి పోలండులో తయారైన చిన్న విమానం వచ్చిందంటే రాసుకుందామని పోయాను. చూస్తే మా చిన్నాయనే మందు చల్లించడానికి వచ్చిన అధికారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "ఏమప్పా, ఇది వాన మోడాన్ని తరుముతాదంట గదా? పురుగు తింటే సగమే పోతాది, వాన పోతే అంతా పోతాది." అంతలో నన్ను చూశాడు. "మావోడు లోపల కూచుంటే ఒప్పుకుంటా. ఒరే, మోడం కనపడితే పక్కకు తిప్పమని చెప్పు!"

"నేనా చిన్నాయనా?"

"సదువుకున్నోడివి నువ్వు గాక నేనా?"

ఎక్కనంటే ఆయన పంట పురుగుల పాలు. ఎక్కితే నేను ఎవరి పాలో తెలియదు. పైలట్ వెనక ఇరుకు సీటు, నా వీపుకు ఆనుకుని పెద్ద మందు డబ్బా. మెకానిక్ గుత్తివాడు, నింపాదిగా వివరించాడు. "ముందు ఇది మనుషుల్ని మోసేదన్నా. సీట్లు పీకి డబ్బా పెట్టినారు. నాయన కోటు కత్తిరించి కొడుక్కి కుట్టినట్ల."

"పడితే?"

"డబ్బా ముందుకొస్తాది. మధ్యలో నువ్వుండావు గదా, పైలట్‌కు మెత్తగా ఉంటాది."

(ధైర్యం చెప్పడంలో మా జిల్లావాళ్ల పద్ధతి అది.)

విమానం వేరుశనగ మధ్య వేసిన కంది సాళ్ల తలలు నిమురుతూ పోయింది. వీపు వెనక మందు గుడగుడమంటోంది. ఎదురొస్తున్న చింతచెట్టు కొమ్మల్లో కాకి గూడు కనిపించగానే కళ్లు గట్టిగా మూసుకున్నాను. మళ్లీ తెరిచింది చక్రాలు నేలకు తగిలాకే.

పురుగు చచ్చింది. సాయంత్రం కమ్ముకొచ్చిన మోడం మాత్రం చినుకైనా రాల్చకుండా బళ్లారి వైపు పోయింది.

"నిజం చెప్పురా, మోడానికి తగిలినారా?"

"కళ్లు మూసుకున్నా చిన్నాయనా."

"అట్లయితే తగిలినట్లే!"

తర్వాతి కాలంలో పోలండు వాళ్లు కొత్త విమానం కట్టి, డబ్బాను పైలట్ ముందుకు మార్చారని ఈమధ్య చదివి, ఈ వయసులోనూ ఒకసారి వీపు తడుముకున్నాను. ఆ భయానికి అట్లా జవాబు దొరికింది. మోడం సంగతి మాత్రం మా ఇంట్లో ఈనాటికీ తేలలేదు.